వదిన చేతి మీది మచ్చ

మా వదిన పోయిన సంగతి ఆదిలాబాద్ నుంచి వచ్చిన లారీ డ్రైవర్ చెప్పాడు. ఇంజను ఆపకుండానే, "మీ వదినమ్మ పొద్దుగాల దవాఖానల పోయింది సేటూ. మీ అన్న తీస్కొస్తుండు" అన్నాడు. నేను పత్తి తూకం దగ్గర ఉన్నాను. ఆ బండి తూకం అయ్యాక గాని కూర్చోలేదు. నాకు ఏడవడం రాదు. జరిగింది రోజూ పుస్తకంలో రాసుకోవడం వచ్చు, అదీ బడికి పోకుండా నేర్చుకున్నదే.

ఇచ్చోడలో మా పత్తి దుకాణానికి వచ్చిన మీలో చాలామంది ఆమె చేతి జొన్నరొట్టె తిన్నారు. కుడి ముంజేతి మీద మచ్చ కూడా చూసి ఉంటారు. అది ఎలా వచ్చిందని అడిగితే ఆమె చెప్పింది వేరు, జరిగింది వేరు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు పత్తి కాపలాకని ఆరు నెలల కుక్కను తెచ్చాను. షేరు అని పేరు పెట్టాను. బండ్లవాళ్లు వాకిట్లోకి రాగానే మీదికి దూకేది. నేను మురిసిపోయి బెల్లం ముక్క పెట్టేవాణ్ని.

"చూసినవా వదినా, ఎట్ల మీద పడ్తున్నదో. పులి."

వదిన రొట్టె తడుతూనే అంది: "పులి కాదు మర్దీ, బుగులువడ్డది. కోపమున్న కుక్క ముందటికి ఒరుగుతది. గిది మొరుగుకుంటనే ఎనుకకు జరుగుతున్నది. తోక యాడున్నదో జూడు."

చూశాను. భయపడ్డ కుక్కకు లాగే తోక కడుపు కిందికి పోయి ఉంది. ఒప్పుకోబుద్ధి కాలేదు. "తల్లిగారింట్ల గొర్ల కుక్కలతోటి పెరిగినవు, నీకు అన్నీ ఎరుకనే" అన్నాను.

"వాటితోటి మంచిగనే ఉన్న. మీ ఇంట్లకొచ్చినంకనే పరేషాన్ అయిన" అని నవ్వింది.

నెల తిరక్కముందే షేరు ఒక బండివాడి పిక్క పట్టింది. బండ్లు మా వాకిలి దాటి వేరే దుకాణాలకు పోసాగాయి. అన్న తెగేసి చెప్పాడు: "గుట్టల్ల ఇడిచిపెట్టొస్త. చిరుత తింటె తిననీ."

వదిన పది రోజులు గడువు అడిగింది. రోజూ మధ్యాహ్నం కుక్కకు పక్కగా తిరిగి కూర్చునేది. దాని కళ్లలోకి చూసేది కాదు. ఒక బండివాణ్ని దూరంగా నడవమనేది. షేరు ఊరికే మూతి నాక్కుంటే, ఆవలిస్తే, "ఆగు తమ్మీ, ఇయ్యాల్టికి అంత దూరం చాలు దానికి" అనేది. కుదుటపడ్డాక రొట్టె ముక్క వేసేది. అది మొరిగినందుకు నేను పెట్టాను, మొరగడం మానినందుకు ఆమె పెట్టింది. నా మంట అందుకు కాదు. ఆరో రోజు షేరు ఆమె పాదం మీద గదవ ఆనించి పడుకుంది. తెచ్చింది నేను, పేరు పెట్టింది నేను. నా పాదం మీద అది ఎన్నడూ తల పెట్టలేదు.

ఎనిమిదో రోజు బండివాడు దగ్గరికి రావాలి. గొలుసు నా చేతిలో ఉంది. "సడలిచ్చి పట్టు మర్దీ. గుంజితె యాడికి పోవాల్నో తెల్వక కరుస్తది" అంది. విన్నాను. బండివాడు నాలుగడుగుల దూరానికి వచ్చినా షేరు ఆమె మొహం చూస్తూ తోక ఊపింది. అప్పుడు గుంజాను. చెయ్యి జారలేదు, కావాలనే గుంజాను. అది గిర్రున తిరిగి అందిన చేతిని పట్టింది. అది వదిన చెయ్యి.

అన్న కట్టె తీసుకుని వచ్చాడు. వదిన కొంగు చేతికి చుట్టుకుని అడ్డం నిలబడింది. "రొట్టె పెట్టబోయి నేనే దాని నోట్ల చెయ్యి పెట్టిన. దాని తప్పు లేదు. ఎవ్వలి తప్పూ లేదు." నా వైపు చూడలేదు. అన్న గొణుగుతూ కట్టె పడేశాడు. ఆ రోజు పుస్తకంలో "కుక్క వదినను కరిచింది" అని రాసి ఊరుకున్నాను.

సాయంత్రం నాకు అన్నం పెడుతూ, "రేపు గూడ గొలుసు నువ్వే పట్టాలె" అంది.

"నేనెందుకు?"

"నాకు ఒక్క చెయ్యే ఉన్నది గద."

మర్నాడు సడలించి పట్టాను. బండివాడు పక్క నుంచే నడిచిపోయాడు. షేరు మొరగలేదు. రొట్టె ముక్క ఆమె నా చేతిలో పెట్టి, వెయ్యమంది.

ఆ తర్వాత షేరు ఎవరినీ కరవలేదు. బండ్లు మళ్లీ వచ్చాయి. నేను మాత్రం నిజం చెప్పలేదు. చెబితే "నాకు ఎరుకనే" అంటుందని జంకాను.

మేము దహనం చేసి తిరిగి వచ్చేసరికి షేరు రోడ్డు పక్కన కూర్చుని ఉంది. ఇప్పుడు ముసలిది. ఎదురు రాలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. పేరు పెట్టి పిలిచాను. చెవి కదిలింది గాని లేవలేదు. అప్పుడు కూడా నాకు కడుపు మండింది. అది తోక ఒకసారి దుమ్ములో ఆడించి, మా వెనక ఖాళీ దారినే చూస్తూ ఉండిపోయింది.