బెంచీ మీద కూర్చోబెట్టిన పిల్ల

డ్రిల్లు టీచరు ఈల ఊదితే బడి గోడ మీది కాకులు కూడా వరసలో నిలబడేవని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో సగం కోతలే అనుకున్నా మిగతా సగమైనా సామాన్యం కాదు. ముప్ఫై రెండేళ్ళపాటు తెల్ల బూట్లు తొడుక్కుని, నాలుగు వందల మంది ఆడపిల్లల చేత ఎండలో చేతులు ఎత్తించి దింపించిన మనిషి. ఆమె అసలు పేరు బడి గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు.

అలాంటి మనిషి డెబ్భై దాటాక కిటికీ పక్క పేము కుర్చీకి అతుక్కుపోయింది. మోకాళ్ళు అరిగాయన్నారు. పొద్దున్నే కీళ్ళు తుప్పు పట్టిన గడియలా మొరాయించేవి. తోడుండే చెల్లెలు ఆమెను కంటికి రెప్పలా చూసుకునేది. మంచినీళ్ళు, పేపరు, కళ్ళజోడు, అన్నీ కుర్చీ దగ్గరికే.

"నువ్వు కదలకక్కా, నేనున్నాగా!"

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల మాటేమో గానీ, ఏడాదిన్నరలో ఆమె కాళ్ళలో కండలు మాత్రం కరిగిపోయాయి. ఇప్పుడు లేవాలంటే చెల్లెలి భుజం పట్టుకోవాలి. ఆ చెల్లెలికీ అరవై ఆరేళ్ళు, పైగా నడుంనొప్పి.

డాక్టరు మొహమాటపడలేదు. "అరిగిన కీలుని కదపకుండా దాచుకుంటే ఇంకా బిగుసుకుపోతుందమ్మా. రోజూ కాస్త కాస్త లేవండి, నడవండి. లేదంటే కొన్నాళ్ళకి ఇద్దరు పట్టుకున్నా లేవలేరు."

ఆమె వినలేదు. నొప్పి ఉన్న పిల్లను ఆడించకూడదన్నది ఆమె ఉద్యోగమంతా పాటించిన నియమం. ముసలితనంలో దాన్ని ఎలా వదులుకుంటుంది? కిటికీలోంచి చూస్తూ పాత మైదానాన్ని తలుచుకునేది. సున్నంతో గీసిన గీతలు, తాడాట చప్పుడు, ఒకేసారి లెక్కపెట్టే నాలుగు వందల గొంతులు. ఆ రోజులు మళ్ళీ రావని తెలిసి కళ్ళు తుడుచుకునేది.

ఆ మధ్యనే పక్క వాటాలోకి ఒక బ్యాంకు ఉద్యోగిని దిగింది. నలభై అయిదేళ్ళుంటాయి. వేళ్ళు కణుపుల దగ్గర వంకర తిరిగి ఉంటాయి. అయినా తెల్లారగానే వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేది. మొదట కుంటుతూ, తర్వాత తిన్నగా. మూడో రోజు గుమ్మంలోకి వచ్చింది.

"నన్ను గుర్తుపట్టారా టీచర్?"

వేళ్ళు చూసి గుర్తుపట్టింది టీచరు. ఎనిమిదో తరగతిలో చేరిన, నోట్లో నాలుక లేని పిల్ల. కీళ్ళ వాపులతో బడికొచ్చేది. మొదటి రోజే తను అయ్యో పాపం అనుకుని మైదానం పక్క సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టింది. మూడేళ్ళూ అక్కడే ఉంచింది.

"మీరెంత మంచివారోనని మా అమ్మ మురిసిపోయేది," అందామె నవ్వుతూ. "నాకు మాత్రం డ్రిల్లు బెల్లు కొడితే ఏడుపొచ్చేది. అందరి జడలూ ఒకేసారి ఎగురుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. పాతికేళ్ళొచ్చాక ఒక డాక్టరమ్మ నడవమంది. నేను నడవచ్చని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు టీచర్."

"మరి నొప్పి పోయిందా?"

"పూర్తిగా ఎక్కడ పోతుంది! తగ్గింది. నొప్పి పెరిగిన రోజు తగ్గించి చేస్తా, మానను. నా జడ నేనే వేసుకుంటున్నా."

టీచరు గుండె చెరువైంది. జాలి పేరుతో ఒక పిల్ల బాల్యాన్ని బెంచీకి కట్టేసింది తను.

"తప్పు చేశానమ్మా," అంది.

"అప్పట్లో డాక్టర్లూ అదే చెప్పేవాళ్ళు లెండి. పోనీ, ఇప్పుడు నన్ను లైన్లో నిలబెట్టండి. మీరు కూర్చునే లెక్కపెట్టండి, చాలు."

"కూర్చునా?" టీచరుకు పౌరుషం వచ్చింది. "కూర్చుని డ్రిల్లు చేయించిన టీచరుని ఎక్కడైనా చూశావా?"

కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

"ఆగవే, ముట్టుకోకు!" అంది టీచరు.

రెండుసార్లు లేవబోయి కూలబడింది. మూడోసారి లేచింది. కుర్చీ చేతులు వదిలింది.

బ్యాంకు ఉద్యోగిని అలవాటుగా వెళ్ళి గోడ పక్కన నిలబడింది.

"అక్కడ కాదమ్మా," అంది టీచరు. "ముందు వరసలోకి రా."

ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. "ఒకటి" అనగానే చేతులెత్తింది. అవి భుజాల దాకానే లేచి ఆగిపోయాయి.

"అక్కడికి చాలు," అంది టీచరు. పది దాకా లెక్కపెట్టింది. అంతవరకూ కూర్చోలేదు.