కాజాలక్క అడిగిన మాట

ఆ చొక్కాల షాపులో ఆవిణ్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. కాజాలు కుట్టేది కాబట్టి కాజాలక్క. గుండీ దూరే కన్నం చుట్టూ సూదితో దారం మెలేస్తూ పోవడమే ఆవిడ పని. చొక్కా చిరిగినా ఆవిడ కుట్టిన కాజా మాత్రం ఊడదని మాస్టరు గొప్పగా చెప్పుకునేవాడు. దారిలో ఎవరెదురైనా సరే, "ఏం, కులాసానా? పిల్లలు బాగున్నారా?" అని పలకరించడం ఆవిడ అలవాటు. ఎరగనివాళ్లు బిత్తరపోతే పోనీ, ఎరిగినవాళ్లను పలకరించకపోతేనే తంటా అనేది. అసలు ఎవరు ఎరిగినవాళ్లో ఆవిడకు తెలిస్తేగా!

కూతురు పుట్టిన కొత్తలో కాజాలక్కకు నిద్ర కరువైంది. గోడలతో మాట్లాడింది, పిల్లను ఎత్తుకోనంది. మొగుడూ బావగారూ కలిసి చేతులు కట్టేసి ఆస్పత్రికి చేర్చారు. అక్కడ నోట్లో రబ్బరుముక్క కుక్కి, కణతలకు కరెంటు పెట్టారు. అరిచింది, కాళ్లావేళ్లా పడింది. వినే నాథుడేడీ? అలా మూడేళ్లపాటు ఇంటికీ ఆస్పత్రికీ తిప్పి, చివరికి నయమైందని పంపేశారు. తీరా చూస్తే గుమ్మంలో ఒక పిల్ల నిలబడి గడగడా మాట్లాడుతోంది. ఆ పిల్ల పాకిందీ, అడుగులేసిందీ, మొదటిసారి అమ్మా అన్నదీ ఏదీ ఆవిడకు గుర్తులేదు. చేతులకు కాజాలు గుర్తున్నాయి, తలకు కన్నబిడ్డ గుర్తులేదు. ఇంతకంటే అన్యాయం ఇంకోటి ఉంటుందా, మీరే చెప్పండి!

మొగుడు పోయాక, తనలాంటివాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారని ఆవిడకు తెలిసింది. అంతా జిరాక్సు షాపు వెనక గదిలో కలుసుకునేవారు, వీలైనప్పుడల్లా ఆ ఆస్పత్రి గేటు ముందు నిలబడేవారు. "చేతులు కట్టి కరెంటు పెట్టకండి. ముందు మమ్మల్ని అడగండి" అని అక్షరాలు కత్తిరించి బ్యానరు మీద కుట్టింది కాజాలక్కే. బైకుల మీద పోయే కుర్రాళ్లు "పిచ్చోళ్ల యూనియన్రోయ్!" అని కేకలేసేవారు. "చేరతావా నాయనా? నీకైతే పరీక్ష కూడా అక్కర్లేదు!" అని ఆవిడ అంతకంటే గట్టిగా కేకేసేది.

ఆ నవ్వులన్నీ కూతురి పురుడుతో ఆగిపోయాయి. బాబు పుట్టిన నెలలోపే ఆ పిల్ల మాట మానేసింది, ఆ తర్వాత తిండి మానేసింది. మందులు మార్చి మార్చి చూశారు. ఆఖరికి డాక్టరమ్మ షాక్ పెట్టాలంది. అదే ఆస్పత్రి!

"ఇప్పుడు మత్తిచ్చి చేస్తారట అత్తయ్యా, నొప్పి తెలియదట. సంతకం పెట్టేస్తాను," అన్నాడు అల్లుడు.

"పెట్టు చూద్దాం! ఆ చెయ్యి విరిచేస్తాను. దాన్నడిగావా?"

"అది నోరు విప్పితే కదా!"

"విప్పేదాకా అడగాలి."

అల్లుడు చెడ్డవాడేం కాదు. పెన్ను జేబులో పెట్టుకుని అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం, "అయితే మీరే అడగండమ్మా. ఎక్కువ రోజులు ఆగలేం, మనిషి దక్కదు," అంది.

కాజాలక్క మంచం పక్కన కూర్చుని దాచకుండా చెప్పింది. "మర్చిపోతావే తల్లీ. అందరికీ అలా కాదంటున్నారు, పోయినవి తిరిగొస్తాయంటున్నారు. నాకు రాలేదు. చేయించమంటావా, వద్దా? వద్దన్నావంటే ఈ గుమ్మానికి అడ్డంగా పడుకుంటాను." వద్దు అనే ఆ ఒక్క మాట కోసం ఆవిడ ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని ఎదురుచూసింది.

మర్నాడు చెంచాతో నీళ్లు తాగిస్తుంటే కూతురి పెదవులు కదిలాయి. "చేయించమ్మా."

కాజాలక్క చెంచా పక్కన పెట్టేసింది. "నే చెప్పింది సరిగ్గా విన్నావా? బాబు నవ్వు కూడా గుర్తుండకపోవచ్చే!"

"విన్నాను. ఇలా బతకలేనమ్మా. నువ్వడిగావు కదా, చెబుతున్నా." మళ్లీ కళ్లు మూసుకుంది.

గదిలో ఇంకెవరూ లేరు. ఆ మాట విన్నది తనొక్కతే. డాక్టరమ్మ లోపలికొచ్చి, "ఏమన్నా అందా?" అని అడిగింది. లేదంటే సరిపోయేది. ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కన్నకూతుర్ని కాపాడుకోవడానికి అబద్ధమాడితే తప్పేంటి? ఆ రోజు మొగుడూ బావగారూ తన చేతులు కట్టింది కూడా కాపాడ్డానికేనట!

"చేయించమంది," అంది కాజాలక్క. "కానీ ప్రతిసారీ దాన్ని అడగండి. వద్దన్నరోజున ఆపెయ్యండి."

మర్నాడు పొద్దున షాక్ పెట్టే గది తలుపు దగ్గర నర్సు స్ట్రెచర్ మీదికి వంగింది. "లోపలికి తీసుకెళ్లమంటారా అమ్మా?" అని అడిగి, తొందర పెట్టకుండా ఆగింది. కూతురు తలూపింది. తలుపు మూసుకుంది.

కాజాలక్క బెంచీ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. భుజాన బాబును వేసుకుని అల్లుడు పక్కన కూర్చున్నాడు. "దానికేం కాదత్తయ్యా, ఊరుకోండి," అన్నాడు.

"దాని గురించి కాదు నాయనా," అంది ఆవిడ. "నన్ను కూడా ఇలా వంగి అడిగుంటే, నేనూ సరేననేదాన్నేమో. ఒక్కళ్లంటే ఒక్కళ్లు అడగలేదు."