మా మామగారూ, మా అమ్మ బాత్రూమూ

మా మామగారు ఎవరింటికి వెళ్లినా ముందు బాత్రూమ్ చూస్తారు. చూసి, ఆ ఇంటికి ఇక ఆశ లేదని చెబుతారు. మంచినీళ్లు ఆ తర్వాతే పుచ్చుకుంటారు.

ఆయన ప్లంబరు కాదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యారు. జీవితమంతా తప్పులు వెతికిన మనిషికి ఉన్నట్టుండి కాగితాలు రావడం ఆగిపోతే కళ్లు ఎక్కడో ఒకచోట పడాలి కదా, గొట్టాల మీద పడ్డాయి. ఎక్కడికి బయలుదేరినా చేతిసంచీలో టార్చిలైటు, చుట్ట చుట్టిన స్ప్రింగు తీగ, కర్రకు బిగించిన రబ్బరు గిన్నె, ఒక సిరా సీసా ఉంటాయి. రెండు రోజులు ఉండటానికి ఊరెళ్లినప్పుడు కూడా ఇవన్నీ ఉంటాయి, బట్టలు మాత్రం ఉండవు.

నా పెళ్లి మాటలప్పుడు ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చారు. అందరూ ముందు గదిలో టీ తాగుతుంటే ఆయన కనిపించలేదు. చాలాసేపటికి మోచేతుల దాకా తడిసి వచ్చి మా అమ్మ ఎదుట నిలబడ్డారు.

"చెల్లెమ్మా, మీ ఫ్లష్ ట్యాంకు కారుతోంది."

"కారడమేమిటండీ. నేను రోజూ శుభ్రంగా కడుగుతాను," అంది అమ్మ.

"కడిగితే తెలియదు. ట్యాంకులో సిరా పోసి కూర్చున్నాను. ఎవరూ మీట నొక్కలేదు. అయినా కింద కమోడ్‌లో నీళ్లు నీలంగా మారాయి. అంటే లోపల రబ్బరు పోయింది. ఇవాళ రబ్బరు, రేపు ట్యాంకు, ఎల్లుండి గోడ. చెప్పడం నా ధర్మం."

"మరి అబ్బాయి సంగతి?" అంది అమ్మ.

"అబ్బాయిలో కారేదేమీ కనబడలేదు," అన్నారాయన.

కమోడ్‌కి పట్టిన ఆ నీలం వదిలించడానికి అమ్మకి వారం పట్టింది. ఆయన్ని క్షమించడానికి ఆ వారం సరిపోలేదు.

ఆయన రోగం సరిగ్గానే కనిపెడతారు. చాలాసార్లు నయం కూడా చేస్తారు. బాగవుతుందని ఒప్పుకోవడమే ఆయన వల్ల కాదు. మా పక్కింటివాళ్లు వేసవంతా వేరే ఊళ్లో ఉండి వచ్చేసరికి ఇల్లంతా మురుగు వాసన. మామగారు ముక్కు ఎగబీల్చి, వాడకుండా వదిలేసిన బాత్రూమ్‌లోకి తిన్నగా వెళ్లారు.

"తూము మీది జాలీ కింద వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండాలమ్మా. అవే మురుగు గాలికి అడ్డు. అవి ఎండిపోయాయి. ఇక మీరు ఈ వాసనతోనే బతకాలి," అంటూనే రెండు చెంబులు నీళ్లు పోశారు.

కాసేపటికి వాసన పోయింది. ఇంటావిడ సంతోషపడబోతే ఆయన ముఖం వేలాడేశారు. "ఈ పూటకి పోయింది. మళ్లీ ఎండవని నమ్మకమేముంది?"

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గొట్టంలో ఏది దొరికితే అది నలుగురి ముందూ చెప్పేస్తారు. సొంత తమ్ముడింట్లో స్నానాలగదిలో నీళ్లు నిలుస్తున్నాయంటే వెళ్లి, జాలీ ఎత్తి, పిడికెడు జుట్టు లాగారు. చుట్టాలంతా చూస్తుండగా దాన్ని వెలుతురుకి పట్టుకుని, "ఇది రంగేసిన జుట్టు. మొదళ్లు తెలుపు. ఒరే తమ్ముడూ, ఇది నీదే," అన్నారు. తన జుట్టు పుట్టు నలుపని అప్పటిదాకా చెప్పుకు తిరిగిన ఆ తమ్ముడు ఏడాది పాటు అన్నగారి గుమ్మం తొక్కలేదు.

ఇటువంటి మనిషిని మా ఆవిడ మా ఇంటికి పిలిపించింది.

పెళ్లయిన కొత్త అది. మా అమ్మ గదిని ఆనుకుని ఉన్న బాత్రూమ్‌లో మీట నొక్కితే నీళ్లు అంచు దాకా లేచి, కాసేపు ఆలోచించి, మనసు రానట్టు దిగేవి. నేను ప్లంబరుకి ఫోన్ చేయబోయాను.

"నాన్న ఉండగా బయటివాళ్లెందుకండీ? తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు," అంది మా ఆవిడ.

"వద్దమ్మా. పెద్దాయన్ని శ్రమపెట్టడమెందుకు? అదే పోతుందిలే," అంది అమ్మ. ఆమె ముఖం పాలిపోయింది. ఆయన నోటికి భయపడుతోందనుకున్నాను.

ఊళ్లోనే ఉన్న మామగారు వచ్చి మొదట వంటింటి తూములో బక్కెట్టు నీళ్లు పోశారు. రెండో బాత్రూమ్‌లోనూ పోశారు. గోడకి చెవి ఆనించి విన్నారు.

"ఇల్లంతా ఒకేసారి గుడగుడమంటే బయట పెద్ద గొట్టం పని అయిపోయిందని లెక్క. ఇక్కడ అటువంటిదేమీ లేదు. అడ్డు ఈ ఒక్క కమోడ్‌కీ, వెనకాల మురుగు గుంతకీ మధ్య ఉంది. ఇది ఇంకా ఘోరం."

"ఘోరమెందుకు మామయ్యగారూ?"

"ఎవరి పనో తెలిసిపోతుంది కనక."

అమ్మ మంచినీళ్లు తాగాలని లేచి వెళ్లిపోయింది.

పెరట్లో గుంత మూత ఎత్తి, గొట్టంలోకి స్ప్రింగు తీగ తోసి, మెలితిప్పి లాగారు. నేను టార్చి పట్టుకున్నాను. తీగ చివర ఒక బంగాళదుంప ముక్క వచ్చింది. మళ్లీ తోస్తే మరో నాలుగు. ఆ తర్వాత గుప్పెళ్లకొద్దీ. అన్నీ బొటనవేలంత మందాన, పలకలుగా ఉన్నాయి. ఎన్నాళ్లు నీళ్లలో నానాయో గాని అంచులైనా అరగలేదు.

అలా తరిగేది మా ఆవిడే. ఆమె కూరలో ముక్క ఉడకదు, ఉప్పు ఆగదు. నా నాలుక మొద్దు కావడం వల్లా, పగలు ఆఫీసు క్యాంటీనులో తినడం వల్లా నేను నెట్టుకొస్తున్నాను. అమ్మ మాత్రం పళ్లెం తన గదిలోకి తీసుకెళ్లి టీవీ చూస్తూ తినేది. తినేదనే అనుకున్నాం. ఖాళీ పళ్లెం తెచ్చి, "బాగుందమ్మా," అనేది. అత్తగారంటే బెదురుతో ఈ ఇంట్లో అడుగుపెట్టిన మా ఆవిడకి ఆ ఖాళీ పళ్లెమే ధైర్యం. దాన్ని కడుగుతూ రోజూ నాకు చూపించేది.

తలెత్తితే, బాత్రూమ్ కిటికీ అద్దాల సందున అమ్మ కళ్లు కనిపించాయి. మామగారు కూడా చూశారు. సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తీసుకుని మా ఆవిడ వచ్చింది.

"ఏం దొరికింది నాన్నా?"

నేను టార్చి ఆర్పేశాను. ఆయన నోరు తెరిస్తే ఇక ఈ ఇంట్లో ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు. తమ్ముడి జుట్టుకే దిక్కు లేకపోయింది.

మామగారు చెప్పుకాలు ఆ ముక్కల మీద వేసి నిలబడ్డారు.

"చెట్టు వేరమ్మా. గొట్టంలోకి చొరబడింది."

"మన పెరట్లో చెట్టే లేదు కదా."

"అదే నా బెంగ. పక్క వీధిదై ఉంటుంది. అంత దూరం నుంచి వచ్చింది ఊరికే పోదు. నేను రోజూ మధ్యాహ్నం వచ్చి కనిపెట్టి చూడాలి."

"మధ్యాహ్నమే ఎందుకు నాన్నా?"

"వేరు ఎండవేళే కదులుతుంది."

"అది భోజనాల వేళ కదా."

"ఏం చేస్తాం, ఖర్మ. ఇక్కడే తింటాను. చెల్లెమ్మ కూడా గదిలో కాకుండా బల్ల దగ్గరే తింటే మంచిది. గదిలో నేను చెవి పెట్టి వినాలి."

అప్పటినుంచి ఆయన రోజూ వస్తున్నారు. ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు చూశాను. మా ఆవిడ నీళ్లకని వంటింట్లోకి వెళ్లింది. అమ్మ తన కూరంతా, ఎంగిలి కాకముందే, ఆయన పళ్లెంలోకి దిమ్మరించింది.

మా ఆవిడ తిరిగొచ్చింది. "అప్పుడే అయిపోయిందా అత్తయ్యా? ఇంకాస్త వేయనా?"

"చాలమ్మా. మీ నాన్నకి వెయ్యి."

మామగారు శిక్ష పడినవాడిలా పళ్లెం ముందుకు జరిపారు.

గేటు దాకా సాగనంపుతూ, "ఎలా తింటున్నారు మామయ్యగారూ?" అని అడిగాను.

"నాకు అలవాటే అల్లుడుగారూ. వాళ్లమ్మ పోయాక అమ్మాయే స్టూలెక్కి వండింది. ఇంత పిల్ల. నేను ముద్ద నోట్లో పెట్టుకుంటే ఊపిరి బిగబట్టి చూస్తోంది. బ్రహ్మాండంగా ఉందన్నాను."

"తర్వాతైనా చెప్పాల్సింది."

"ఎప్పుడు చెప్పను? మర్నాడు చెబితే ముందు రోజు అబద్ధమాడానని తెలిసిపోతుంది. అలా అలా అచ్చయిపోయింది. ఇక దిద్దడానికి లేదు." సంచీ భుజానికి తగిలించుకుని నిట్టూర్చారు. "పాపం, చెల్లెమ్మకి కొత్త కదా."

అక్కడితో ఆగినా బాగుండేది. "చూశారా, నాన్న మా ఇంట్లో కూడా ఇంత తినేవాడు కాదు. పెళ్లయ్యాక నా చెయ్యి తిరిగింది," అని మా ఆవిడ మరో రెండు దుంపలు ఎక్కువ వేయడం మొదలుపెట్టింది.

మొన్న ఆయనకి జలుబు చేసి రెండు రోజులు రాలేదు. మూడో రోజు పొద్దున అమ్మ గది తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. ఆయన పేరెత్తితేనే ముఖం తిప్పుకునే మనిషి గొంతు బతిమాలుతున్నట్టుంది.

"అన్నయ్యగారూ, బాత్రూమ్‌లో ఏదో శబ్దం. ఆ చెట్టు వేరే అయి ఉంటుంది. ఆవిరి పట్టుకుని ఎలాగోలా రండి. ఇవాళ రెండు కూరలట."

బాత్రూమ్‌లోకి వెళ్లి మీట నొక్కి చూశాను. నీళ్లు హాయిగా పోయాయి. శబ్దం వంటింట్లోంచి వస్తోంది, దుంపలు తరుగుతున్న శబ్దం.

మధ్యాహ్నం మామగారు చెవులకి మఫ్లరు చుట్టుకుని, దగ్గుతూ వచ్చారు.

"ముందు పైపు చూస్తావా నాన్నా, భోంచేస్తావా?" అంది మా ఆవిడ.

"పైపెక్కడికి పోతుందిలే. పెట్టమ్మా," అని ఆయన బల్ల దగ్గర కూర్చున్నారు.

అమ్మ తన పళ్లెం తెచ్చి ఆయన పళ్లేనికి ఆనించి పెట్టుకుంది.