ప్రభాకరరావు పట్టిన నవ్వు

మార్కాపురం బజారులో ఫోటోల ప్రభాకరరావు ప్రతి ఆదివారం ప్రార్థన మందిరానికి పోయేవాడే గానీ, తన కంటి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద ఉండేది కాదు. కుర్చీల్లో బిగుసుకుపోయే కాపులను, గోడకు ఆనించి కూర్చోబెట్టిన శవాలను తీసి తీసి విసిగిపోయాడు. సంతరోజు మూడుకాళ్ళ కెమెరాను వీధిలోకి తెచ్చుకుని, రాతిపలకలు మోసే ఆడవాళ్ళ నడకలూ ఆకువక్క నమిలే ముసలాళ్ళ బుగ్గలూ చూస్తూ నిలబడేవాడు.

"దారిన పోయేటోళ్ళలో ఏముండాదయ్యా?" అని ఏ ముసలవ్వో అడిగితే, "నీకు కనపడదులే అవ్వా" అనేవాడు. అంత పొగరు.

ఒక సంతనాడు కొత్త కోడలు శ్రీశైలమ్మ చేతిలోని తోటకూర కట్టను మేక లాక్కుంది. కొంగు జారిందని కూడా చూసుకోక ఆ పిల్ల పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వింది. అతను ఆ నవ్వు పట్టేశాడు. అడగలేదు. అడిగితే నవ్వుతుందా మరి!

ఆ ఫోటోను దుకాణం ముందు వేలాడదీశాడు. ఆ నవ్వుకు అత్త వెంకటసుబ్బులమ్మ కోడలి చెంప పగలగొట్టిందని విన్నాక కూడా దించలేదు. అందం అందరూ చూడాలట!

ఆ ఎండాకాలమే వాంతిభేది తగిలి శ్రీశైలమ్మ పోయింది. ఆ రోగపు శవానికి ఫోటో ఎవరు తీయిస్తారు? గబగబా కాల్చేశారు. దినానికి పటం కావాలని అత్త దుకాణానికి వచ్చింది. వస్తూనే వేలాడే ఫోటోను చింపేసింది.

"ఇకిలించే మొగానికి దండెయ్యాల్నా? నోరు మూయించు."

"కాగితం మీద దిద్దుతాలేమ్మా. అచ్చు తీసే గాజుపలక అట్లనే ఉండనీ."

"ఏంటికి, మళ్ళా ఆ పళ్ళు ఊరికి చూపిచ్చేదానికా? గాజు మీదనే మూయించు."

ఆ నవ్వు ఇక మిగిలింది ఆ గాజు మీదనే. ప్రభాకరరావు తల అడ్డంగా ఊపాడు.

"ఏం, చేతకాదా?" అంది ఆమె.

ఆ ఒక్క మాటకే కత్తి తీశాడు. గాజు మీది పళ్ళు గీకేశాడు, సన్న పెన్సిలుతో పెదవులు కలిపాడు. అతుకు తెలియకుండా కుదిరిందని తనలో తాను మురిసిపోయాడు కూడా.

దినం అయ్యాక కొనకనమిట్ల నుంచి పిల్ల తల్లి ఓబులమ్మ నడిచి వచ్చింది.

"నవ్వే పటం నీకాడ ఉండాదంట గదా నాయనా? వాళ్ళింటి పటంలో నోరు మూసుకోనుండాది. పెండ్లయినాక దాని నవ్వు నేను చూడనేలేదు."

తుడిస్తే వస్తుందనుకున్నాడు, అంత పనివాడు! పెన్సిలు గీత పోయింది, పళ్ళు రాలేదు. కాగితం మీద అచ్చు తీస్తే, గాజు గీకినచోటల్లా నల్లబడి, నోరున్నచోట తొర్ర తేలింది. చింపబోతుంటే ఓబులమ్మ చేయి పట్టుకుని లాక్కుంది. ఎండలోకి పోయి చాలాసేపు చూసింది.

"నవ్వు గాదు నాయనా ఇది," అంది. "నోరు తెరిచి నన్ను పిలస్తా ఉండాది. నాకే వినపడకపాయె."