ఖాళీ కుర్చీ విలువ చెప్పిన మా మేడం

మా మేడం పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను సర్జాపుర రోడ్డులో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. ఫోన్ చేసింది ఆమె భర్త. "పొద్దున్నే పోయిందప్పా. నువ్వొస్తావు కదా?" అన్నారు, అంతే. వస్తానన్నాను. ముందు లారీ, వెనక స్కూలు బస్సు, పక్కన ఆటో. దేనికీ కదలిక లేదు. కారు అక్కడే వదిలేసి నడిచిపోదామా అనిపించింది. ఆరోజు నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. రాస్తే కాస్త సర్దుకుంటానేమోనని ఇది రాస్తున్నాను.

ఆమె మాకు సాయంత్రం కాలేజీలో క్యూయింగ్ థియరీ చెప్పేవారు. బ్యాంకుకో ఆసుపత్రికో హోటల్‌కో మనుషులు ఎలా వస్తారు, ఒక్కొక్కరి పని ఎంతసేపట్లో అవుతుంది, మధ్యలో వరస ఎందుకు పెరిగిపోతుంది అన్న లెక్కల శాస్త్రం అది. నేను ఒంగోలు వైపు నుంచి వచ్చి, పగలు ఉద్యోగం చేస్తూ చదువుకునేవాణ్ణి. ఆమె చిక్కపేటలో చీరల వ్యాపారుల ఇంట పుట్టి పెరిగారు. క్లాసులో ఇంగ్లీషు, ప్యూనుతో కన్నడం మాట్లాడేవారు. నేను తెలుగువాణ్ణని తెలిశాక నాతో మాత్రం కన్నడం కలిసిన వాళ్ళింటి తెలుగే.

ఆమె కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. బల్లల మధ్య తిరుగుతూ, కిటికీ దగ్గర ఆగి వీధిలోకి చూస్తూ, సగం వాక్యంలో మళ్ళీ బోర్డు దగ్గరికి వచ్చేవారు. ఒకసారి పాఠం మధ్యలోనే "సుమ్మనే, ఊరికే ఇక్కడ కూర్చుంటే ఏం తెలుస్తుంది, పదండి" అని మమ్మల్నందరినీ ఎదురుగా ఉన్న దర్శినికి, నిలబడి తినే టిఫిన్ హోటల్‌కు, తీసుకుపోయారు. దోసెల పెనం ముందు నిలబెట్టి అడిగారు: "గంటకు ఎంతమంది వస్తారో సరిగ్గా అన్ని దోసెలూ ఈయప్ప పోయగలడు అనుకోండి. అప్పుడు వరస ఉంటుందా?"

ఉండదన్నాం అందరం.

"స్వల్ప ఆగి చూడండి."

కాసేపు ఎవరూ రాలేదు. దోసెలాయన పెనం తుడుచుకుంటూ నిలబడ్డాడు. అంతలో పక్క ఆఫీసు వదిలారు. జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. వరస ఫుట్‌పాత్ మీదికి వెళ్ళింది, మేం ఉన్నంతసేపూ తగ్గలేదు.

"చూస్తిరా? మనుషులు గడియారం ముల్లు మాదిరి రారు. ఇందాక ఈయప్ప ఖాళీగా నిలబడినాడే, ఆ కాలాన్ని ఎత్తిపెట్టుకొని ఇప్పుడు వాడుకోలేడు. అందుకే పనికి సరిపోయేంత మాత్రమే మనుషుల్ని పెడితే వరస తరగదు. కొంచెం ఎక్కువ ఉండాల."

ఆ మాట విలువ నాకు కుందలహళ్ళిలో తెలిసింది. చదువయ్యాక అక్కడొక చిన్న రక్తపరీక్షల కేంద్రంలో మేనేజరుగా చేరాను. రక్తం తీయడానికి ముగ్గురు అమ్మాయిలు ఉండేవారు. మా యజమాని కెమెరాలో చూసి, మూడో కుర్చీలోని అమ్మాయి చాలాసేపు ఊరికే కూర్చుంటోందని, ఆమెను తీసేయమన్నారు. ఆ అమ్మాయి కొత్తగా పెళ్ళై హాసన్ నుంచి వచ్చింది. ఆ ఉద్యోగం చూసుకునే ఇల్లు అద్దెకు తీసుకున్నారు. నాకేం చేయాలో తోచక మేడంకు ఫోన్ చేశాను. అప్పటికామె రిటైరయ్యారు. మధ్యాహ్నానికల్లా మెట్రో దిగి వచ్చేశారు.

యజమానికి కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆయన తల ఊపారు గానీ నమ్మలేదు. "ఇవన్నీ థియరీ, మేడం" అన్నారు.

"అయితే ఒక్క పొద్దున ఆయమ్మకు సెలవివ్వండప్పా, జీతం కోయకుండా. మీరు ఏమీ తినకుండా వచ్చి వరసలో నిలబడండి. నేనూ నిలబడతా."

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. సోమవారం వచ్చారు. మొదట బాగానే సాగింది. అంతలో ఒక పసిపాపను తెచ్చారు. పాప చెయ్యి ఇవ్వక ఏడుపు. ఒక కుర్చీ అక్కడే ఆగిపోయింది. ఇంకో కుర్చీలో ఒకావిడకు నరం దొరకడం లేదు. వెనక జనం పెరుగుతున్నారు. అందరూ పరగడుపున వచ్చినవాళ్ళే. యజమాని నా దగ్గరికి వచ్చి "ఇంకా ఎంతసేపయ్యా?" అని కసిరారు.

"మీరు తీసేద్దామన్న ఖాళీ ఇదేనప్పా" అన్నారు వెనక నుంచి మేడం. "ఆ ఖాళీ వృథా కాదు. రాబోయే మనిషికి అది చోటు."

ఆయన జవాబు చెప్పేలోపే వరసలో వాళ్ళ ముందున్న పెద్దాయన గోడకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయారు. యజమానే పట్టుకున్నారు. నేను చక్కెర నీళ్ళు తెచ్చాను. పెద్దాయన కాసేపటికి కళ్ళు తెరిచి, తనవల్ల అందరికీ ఇబ్బందైందని నొచ్చుకున్నారు. యజమాని ఆయన పక్కనే నేలమీద కూర్చుని, నావైపు చూడకుండా "ఆ అమ్మాయిని రేపు రమ్మను" అన్నారు. ఆ అమ్మాయి ఇప్పటికీ మాతోనే ఉంది.

గెలిచామని నాకు సంతోషం. మేడంకు లేదు. మెట్లు దిగుతూ ఆగిపోయారు. "ఆ పెద్దాయన్ను అడక్కుండా ఆయన ఆకలి మీద పరీక్ష పెట్టినాం. అది న్యాయం కాదప్పా." మర్నాడు మళ్ళీ వచ్చి, ఆయన నంబరు కనుక్కుని ఫోన్ చేసి, జరిగింది చెప్పి క్షమించమన్నారు. ఆయనకు ఆమె ఎందుకు అడుగుతున్నారో కూడా అర్థమైనట్టు లేదు. ఆ తర్వాత చాలాకాలం నేనెప్పుడు కలిసినా "ఆయన బాగుండాడా?" అని అడిగేవారు. ఇంకోమాట కూడా అనేవారు: "సగటు లెక్కకు కాళ్ళు నొప్పి పుట్టవు. నిలబడినోళ్ళకే పుట్టేది."

కిడ్నీలు చెడిపోయి డయాలసిస్‌కు తిరిగే రోజుల్లో చూడటానికి వెళ్ళాను. తన వంతు కోసం ఎదురుచూస్తూ వరండాలో అటూ ఇటూ నడుస్తున్నారు. పక్కన భర్త ఆమె సంచీ పట్టుకుని అదే వేగంతో నడుస్తున్నారు. కూర్చోండి మేడం అన్నాను.

"కూర్చుంటే భయమవుతాది" అన్నారు. నడుస్తూనే, "ఇన్నేళ్ళు చెప్తినే, ఈ భయం ఎక్కడా లెక్కలో పెట్టలేదు చూడు. ఎంతసేపు అనేదానికంటే, ఎంతసేపో తెలీకపోవడం కష్టంగా ఉండాది. లోపలికి పోయి వాళ్ళనడుగు. నాకు కాదు, అదో ఆ మూల కూర్చున్న ఆయమ్మకు చెప్పమను. పొద్దున్నించీ తలుపే చూస్తా ఉండాది."

నేను అడిగి వచ్చి, ఇంకా ఎంతసేపో ఆ మూలనున్నావిడకు చెప్పాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, వెంట తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం విప్పుకుంది. మేడం అది చూసి మళ్ళీ నడక మొదలుపెట్టారు. మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు.

మేడంను తీసుకెళ్ళిన విద్యుత్ శ్మశానంలో ఆరోజు రద్దీగా ఉంది. వ్యాన్లు గేటు దాకా నిలిచిపోయాయి. నేను గేటుకూ లోపలికీ మధ్య తిరుగుతున్నాను. మా వెనక వ్యానులోంచి ఒక ముసలావిడను దించి కాంపౌండు గోడ పక్కన కూర్చోబెట్టారు. పోయింది ఆమె కొడుకట. అక్కడ నీడ లేదు. మేడం భర్త చాలాసేపు ఆవిడనే చూసి, వాళ్ళ మనుషుల దగ్గరికి వెళ్ళారు.

"మీరు ముందు పోండప్పా. మాకు తొందర లేదు."

వాళ్ళ వ్యాను మమ్మల్ని దాటి లోపలికి వెళ్ళింది. మా వ్యాను వెనక తలుపు తెరిచే ఉంది. ఎండ తిరిగి మేడం ముఖం మీద పడుతోంది. ఆయన నల్ల గొడుగు తెరిచి, తాను ఎండలోనే నిలబడి, దాన్ని లోపలికి వంచి పట్టుకున్నారు. గాలికి గొడుగు కదిలి నీడ పక్కకు జరుగుతోంది. ఆయన చెయ్యి కొంచెం మార్చి, మళ్ళీ దాన్ని ఆమె ముఖం మీదికి తెస్తున్నారు.