నిర్మల్ దాకా మూడు సైకిళ్లు

కొమురెల్లి ధర్మపురికి ఈవల మల్లారంల పుట్టిండు. గౌండ్లాయన. మీసాలు రాకముందు నుంచే కల్లు గీయ తాళ్లెక్కిండు. ఆంధ్రప్రదేశ్ ఐన యేడు ఎండకాలం, ఆయన తమ్ముడు ముత్యం తాటిచెట్టు మీదికెళ్లి పడ్డడు. అన్నదమ్ములిద్దరు అప్పుడు పక్కపక్క చెట్ల మీదనే ఉన్నరు. నడుముకు ఏసుకునే మోకు తెగిన చప్పుడు కొమురెల్లికి ఇనవడ్డది. మంచం మీద ఏసుకొని జగిత్యాల దవాఖానకు మోస్తుంటె తొవ్వల్నే పాణం పోయింది.

ఊరంత ఏడ్చింది. ముత్యం పెండ్లాం యాదవ్వ మట్టిల పడి పొర్లింది. కొమురెల్లి మాత్రం ఏడ్వలే. పాడె కట్టిండు, దినాలు చేసిండు, వచ్చినోళ్లకు బువ్వ పెట్టిచ్చిండు. అన్నీ అయినంక మోకు, కత్తి ఇంటి చూర్ల చెక్కి, పెండ్లాం బాలవ్వను తీస్కొని కరీంనగర్ వచ్చిండు. అక్కడ లక్ష్మీరాజం కిరాయి సైకిళ్ల దుకాణంల పంచర్లు ఏసే పనికి కుదిరిండు.

ఒకనాడు బాలవ్వ పప్పుల ఉప్పు ఏసుడు మరిచింది. కొమురెల్లి రెండుమాట్ల ఏపిచ్చుకొని తిని లేచిండు. తర్వాత ఆమె తిన కూసుంటె గని తెల్వలే.

"ఏం మనిషివయ్యా, ఉప్పు లేదని చెప్పరాదా?"

"నాకు తెల్వలే" అన్నడు కొమురెల్లి.

ఆమె లేచి ఉప్పు తెచ్చుకున్నది. అతను కల్లు కూడ ముట్టుడు బంద్ చేసిండని అప్పటికే ఆమెకు తెలుసు.

మూడేండ్లు గడిచినంక ఒక చలికాలం, హైదరాబాదుల పిల్లలకు చదువు చెప్పే లూసీ అనే ఫ్రాన్సు దేశపామె దుకాణానికి వచ్చింది. పక్కన ఆమె అన్న ఆంద్రె ఉన్నడు. ఎర్రటి మెడ, పెద్ద పెద్ద చేతులు, రైతు లెక్కనే ఉన్నడు. లూసీకి ఉర్దూ వచ్చు. సంగతంత ఆమెనే చెప్పింది. వాళ్ల ఊళ్లె అందరివీ ద్రాక్షతోటలేనట. ఆ పండ్లతోటి సారాయి తీస్తరట. పాత కోటలు, రాతి ఇండ్లు చూసుకుంట, ఊరూరికి ఆగి ఆ ఊరి సారాయి రుచి చూసుకుంట జనం సైకిళ్ల మీద తిరుగుతరట. ముంగట తొవ్వ చూపే మనిషి ఒకడుంటడట.

"మా అన్నకు ఇక్కడ గూడ అట్లనే తిరుగాల్నని ఉన్నది. నిర్మల్ కోటలు మా దేశపోళ్లే కట్టిండ్రని అంటరు కదా, అక్కడిదాకా పోతం" అన్నది లూసీ.

లక్ష్మీరాజం కొమురెల్లి దిక్కు చూసిండు. "కల్లు సంగతి ఈయనకంటె తెలిసినోడు ఎవలున్నరమ్మా? కొమురెల్లీ, పోతవా?"

"పోతా" అన్నడు కొమురెల్లి. పోనన్నా, పోతా అన్నా అతనికి ఒకటే అనిపించింది.

పొద్దుగాల మంచుల ఎల్లిండ్రు. కొమురెల్లి ముంగట, లూసీ నడుమ, ఆంద్రె ఎనుక. జగిత్యాల కోట గోడలెక్కి ఆంద్రె చిన్నపిల్లగాని తీర్గ సంబురపడ్డడు. ఈతవనం కనవడ్డకాడల్ల సైకిల్ దిగిండు. మోదుగాకు దొప్పల కల్లు పోపిచ్చుకొని ముందుగాల వాసన చూసేటోడు, నోట్లె పోసుకొని కండ్లు మూసుకునేటోడు. ఒక్కో ఊరి కల్లు ఒక్కో తీర్గ ఎందుకుంటదని అడిగేటోడు. కొమురెల్లి చెప్పేటోడు. సౌటభూమిల చెట్టుది జర ఉప్పగ తగులుతదని, వాగు ఒడ్డు చెట్టుది తీపని, తెల్లారంగ దించింది వేరు, మాపటిది వేరని. అంతా యాదికున్న మాట చెప్పుడే.

రెండో దినం ఆంద్రె చెల్లె చెవుల ఏందో అన్నడు. లూసీ నవ్వుకుంట అడిగింది. "కొమురెల్లి భాయ్, నువ్వొక్క చుక్క గూడ తాగుతలేవేందని మా అన్న అడుగుతుండు."

"తాగినా తెల్వదమ్మా. నోరు చచ్చిపోయింది."

ఆమె అది అన్నకు చెప్పింది. ఆంద్రె నవ్వలే. తన చేతిల దొప్ప కింద పెట్టి, మల్ల ఆ సంగతి ఎత్తలే.

ధర్మపురి పోవాల్నంటె మల్లారం మీదికెళ్లే పోవాలె. కల్లు అమ్మే మండువ కాడికి వచ్చేసరికి ఆంద్రె బ్రేకు ఏసిండు. పందిరి కింద కల్లు లొట్లు ముంగట పెట్టుకొని యాదవ్వ కూసున్నది. కొమురెల్లి సైకిల్ దిగి, హ్యాండిల్ పట్టుకొని అక్కడనే నిలవడ్డడు.

"రా బావా" అన్నది యాదవ్వ. "ఇంటి దిక్కు రాకున్నా మండువకన్న వచ్చినవ్."

ఆమె అన్నాచెల్లెండ్లిద్దరికి కల్లు పోసింది. అటెన్క కొమురెల్లి దగ్గరికొచ్చి మెల్లగ మాట్లాడింది.

"కోరుట్ల కైలాసం తెలుసు కదా. పెండ్లాం పోయినాయన. మారుమనువు అడుగుతుండు. నాకు ఇష్టమే. గని అత్తింటి పెద్దవు నువ్వు. నువ్వొచ్చి మాట చెప్పందే పంచాయితికి కూసోము అంటుండ్రు కులపోళ్లు. ఎన్నిసార్లు కబురంపినా నువ్వు రాలే."

కబుర్లు వచ్చినయి. బాలవ్వ చెప్పింది గూడ. ఇన్నడు, ఊకున్నడు.

"చేస్కో యాదవ్వా. మంచిగున్నది."

ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "గంతేనా? నీ తమ్ముని పెండ్లాన్ని నేను. జర కోపమన్న చెయ్యి బావా. వద్దను. తిట్టు. నాడు మంచం మీద ఆయన పోయినప్పుడు గూడ నువ్వు గిట్లనే నిలవడ్డవు."

"వస్తలేదు యాదవ్వా" అన్నడు కొమురెల్లి. "ఏడుపైనా, కోపమైనా. తీద్దామన్నా వస్తలేదు. నేనేం చెయ్యాలె?"

యాదవ్వ కొంగుతోటి ముక్కు తుడుచుకున్నది. "నిర్మల్ నుంచి మర్లేటప్పుడు ఆగు. కులపోళ్లను పిలుస్త."

"ఆగుత."

గోదావరి పడవల దాటిండ్రు. అవతలంత అడవి. జన్నారం కాడ ఒక గోండు పెద్దమనిషి ఇప్పపూల సార ఇచ్చిండు. ఆంద్రె బలిమి చేస్తె కొమురెల్లి ఒక గుక్క తాగిండు. గొంతు నుంచి కడుపు దాక కాలింది. కాలిందని తెలిసింది, అంతే. నిర్మల్ల కోటబురుజు మీద నిలవడి ఆంద్రె రాళ్లను అరచేత్తోటి తడిమిండు. "మా ఊరి గోడ లెక్కనే ఉన్నది" అన్నడని లూసీ చెప్పింది. కొమురెల్లి కూడ చెయ్యి పెట్టి చూసిండు. రాయి ఎండకు ఎచ్చగున్నది.

అన్నాచెల్లెండ్లు బస్సెక్కి పోయిండ్రు. పోయేముంగట ఆంద్రె రెండు చేతులతోటి కొమురెల్లి భుజాలు పట్టుకొని తన భాషల ఏందో అన్నడు. లూసీ అది చెప్పేలోపల బస్సు కదిలింది. వాళ్ల రెండు సైకిళ్లను లారీ మీద కరీంనగర్ తోలిచ్చి, కొమురెల్లి ఒక్కడే వచ్చిన తొవ్వనే మర్లిండు.

మల్లారంల కులపోళ్లు కూసున్నరు. కొమురెల్లి నడుమ నిలవడి, తమ్ముని పెండ్లాం మారుమనువుకు తనకు సమ్మతమేనని చెప్పిండు. పెద్దమనుషులు అందరికి కల్లు పోపిచ్చిండ్రు. కైలాసం చీర తెచ్చిండు. నెమ్మదైన మనిషే. కోరుట్ల పోయే బండి ఎక్కేముందు యాదవ్వ కొమురెల్లి కాళ్లు మొక్కింది. బండి కదిలినంక కొమురెల్లి దాని ఎనుక ఊరి పొలిమేర దాకా నడిచిండు. ఎందుకు నడుస్తున్నడో అతనికే తెల్వదు. దుమ్ము అణిగినంక మర్లి వచ్చి సైకిల్ ఎక్కిండు.

తర్వాత కొన్ని చలికాలాలు లూసీ తన దోస్తులను తోలింది. కొమురెల్లి వాళ్లకు గూడ కోటలు, ఈతవనాలు చూపిచ్చిండు. ఆమె దేశం మర్లిపోయినంక అడిగేటోళ్లు లేరు. బస్సులు పెరిగినయి. కొమురెల్లి దుకాణంల పంచర్లు ఏసుకుంటనే ఉన్నడు.

ఒక మాపటిపూట అన్నం తింటుంటె బాలవ్వ చెప్పింది. "యాదవ్వకు రెండో కాన్పు అయిందట. ఆడివిల్ల."

"మంచిదే" అన్నడు కొమురెల్లి.

"పోయి చూసొద్దామా?"

"పోదాం."

ఎన్నడని ఆమె అడుగలే. ఇంకింత బువ్వ ఏసింది.