దూరపు దవాఖానా

ఆసుపత్రులకు కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. వాటన్నిటినీ కలిపితే రోగి ఎక్కడికెళ్లినా పాత వైద్యం వివరాలు డాక్టరుకు కనిపిస్తాయని మేం కొందరం స్వచ్ఛందంగా అధికారుల చుట్టూ తిరిగేవాళ్లం. ఆ పని మీదే భద్రాచలంలో సమావేశానికి బయలుదేరాను. గోదావరి పెరుగుతోందని బూర్గంపాడు దాటాక బస్సు ఆపేశారు. సమావేశం అందదేమోనని నాకు కాలు నిలవడం లేదు.

ఖమ్మంలో ఎక్కి నా పక్కన కూర్చున్నావిడ, "గంత తొందరేందమ్మా?" అని అడిగింది. చెప్పాను.

"అయితే మా ముదిగొండ దిక్కు దవాఖానాల గూడ నా సంగతి కనబడతదా?"

"కనబడుతుందక్కా. మీకే మంచిది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ దవాఖానాల నర్సు మా ఆడబిడ్డనే. ఆమెకు తెల్వొద్దనే గింత దూరమొచ్చి మందులు తీస్కపోతున్న. తెలిస్తే నన్ను ఇంట్ల ఉండనియ్యరు. మీరు అన్నీ కలిపినంక నేనేడికి పోవాలె?"

బస్సు కదలగానే ఆమె లేచి వెళ్లి, భద్రాచలం వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడింది.

సమావేశంలో నా వంతు వచ్చింది. తన వివరాలు ఎవరు చూడొచ్చో రోగే చెప్పే వీలు లేకుండా కంప్యూటర్లు కలపొద్దన్నాను. నాతో వచ్చినవాళ్లు బిత్తరపోయారు.

"కలపాలని మా వెంటపడ్డది మీరే కదమ్మా?" అన్నాడు అధికారి.

"అవునండీ. ఈ పొద్దు దాకా."